తీగలు పెరిగితే సిగ్నల్ పెరుగుతుందా?

ద్రావణంలో ఏ పదార్థం ఎంతుందో కరెంటుతో కొలిచే సెన్సర్లలో నానోతీగల ఎలక్ట్రోడ్, అంటే నానోమీటర్ల మందంలో ఉండే లోహపు తీగలు నిలబెట్టిన ఎలక్ట్రోడ్, అనగానే అందరూ మొదట చెప్పేది "ఉపరితలం చాలా ఎక్కువండీ" అని. అబద్ధం కాదు గానీ, అదొక్కటే పట్టుకుని సెన్సర్ కడితే దెబ్బతింటాం.

తయారీ పెద్ద కష్టం కాదు. సన్నని రంధ్రాలున్న అల్యూమినా పొరకి ఒకవైపు లోహపు పూత వేసి, ఆ రంధ్రాల్లోకి కరెంటుతో బంగారమో ప్లాటినమో నింపి, తర్వాత అల్యూమినాని క్షారంలో కరిగించేస్తే తీగలు నిలబడి కనిపిస్తాయి.

అసలు గొడవ ఇక్కడ మొదలవుతుంది. ద్రావణంలో అణువులు విసరణతో మెల్లగా ఎలక్ట్రోడ్ దగ్గరికి రావాలి, ఒక సెకనులో అవి కదిలే దూరం సుమారు 30 మైక్రాన్లు (అంటే 30,000 నానోమీటర్లు), మరి మన తీగల మధ్య ఖాళీ 100 నానోమీటర్లే అయితే పక్కపక్క తీగలు ఒకే చోటి అణువుల కోసం పోటీ పడతాయి కదా! ఒకే బావిలో ఎన్ని చేదలు వేసినా ఊరే నీళ్లు అంతే. పైగా ఏ చర్యా జరగకుండానే పారే ఛార్జింగ్ కరెంటు మాత్రం మొత్తం ఉపరితలంతో పాటు పెరుగుతుంది, అంటే చర్య వల్ల వచ్చే సిగ్నల్ అలాగే ఉంటుంది, నాయిస్ పెరుగుతుంది.

అందుకే వేగంగా జరిగే చర్యలకి తీగలు దూరదూరంగా ఉండాలి. అప్పుడు ఒక్కో తీగకి అన్ని దిక్కుల నుంచీ అణువులు వచ్చి చేరతాయి, చిన్న ఎలక్ట్రోడ్ అసలు బలం అదే.

నెమ్మదిగా జరిగే చర్యలకైతే లెక్క తిరగబడుతుంది. ఎంజైము లేకుండా ప్లాటినం మీదే గ్లూకోజ్ ఆక్సీకరణ చెందడం అలాంటిదే. చర్యే మెల్లగా సాగుతుంది కాబట్టి అణువులకి కొరత రాదు, అక్కడ దట్టమైన తీగల అడవే మేలు. రక్తంలో ఉండే విటమిన్ సి కూడా కరెంటు ఇచ్చి గ్లూకోజ్ కొలతకి అడ్డొస్తుంది, కానీ అది త్వరగా ఆక్సీకరణ చెందుతుంది కాబట్టి, ఉపరితలం పెంచినా దాని కరెంటు పెద్దగా పెరగదు, గ్లూకోజుది పెరుగుతుంది. ఇలా కొంత అడ్డంకి దానంతటదే తగ్గడం నాకు ఈ రంగంలో బాగా నచ్చే విషయం.

నికెల్ తీగలు చవక, గ్లూకోజుకి స్పందన కూడా బాగుంటుంది. కాకపోతే వాటికి క్షార ద్రావణం కావాలి, రక్తం పీహెచ్ చూస్తే సుమారు 7.4, అంటే దాదాపు తటస్థం. ఆ ఒక్క కారణంతోనే అందమైన గ్రాఫులు చాలా వరకు ల్యాబులోనే ఆగిపోతాయి.

బంగారానికి ఇంకో సౌకర్యం ఉంది, చివర గంధకం ఉన్న అణువులు దానికి గట్టిగా అంటుకుంటాయి, కాబట్టి డీఎన్ఏ పోగుల్ని నేరుగా తగిలించవచ్చు. అయితే రక్తంలోని ప్రోటీన్లూ అదే ఉపరితలం మీద పేరుకుంటాయి, తీగల సందుల్లో ఇరుక్కున్నవి కడిగినా సరిగా వదలవు. బఫర్లో (పీహెచ్ మారకుండా ఉంచే శుభ్రమైన ల్యాబు ద్రావణంలో) చక్కగా పనిచేసిన ఎలక్ట్రోడ్ సీరంలో (కణాలు, గడ్డకట్టే పదార్థం తీసేసిన రక్తపు ద్రవంలో) పెట్టగానే మందగించడానికి చాలాసార్లు కారణం ఇదే.