బాయిలర్ రూమ్‌లో ఉండిపోయిన పీటర్ టోమిచ్ (వైజాగ్‌లో నేవీ డే సభలో మాట్లాడింది)

వేదిక మీదున్న పెద్దలకి, ముందు వరసలో కూర్చున్న పాత షిప్పు మనుషులకి నమస్కారం. పేర్లు చదవనండి, నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చదివేశారు. డిసెంబర్ 4 అంటే మన ఊళ్లో ఘాజీ గురించే, అదే 1971 యుద్ధంలో మన వైజాగ్ దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ గురించే మాట్లాడతాం, మాట్లాడాలి కూడా. కానీ నా సర్వీసంతా ఇంజిన్ రూమ్‌లో పోయింది, కాబట్టి అడుగున పనిచేసినోడి గురించే చెప్తాను.

పీటర్ టోమిచ్. 1893లో పుట్టాడు, ఇప్పటి బోస్నియా హెర్జెగోవినాలో ప్రోలోగ్ అనే పల్లెటూరు. 1913లో అమెరికా వెళ్లాడు, మొదటి ప్రపంచయుద్ధంలో ఆర్మీలో చేశాడు, 1919లో నేవీలో చేరి ఇంక అక్కడే ఉండిపోయాడు. చీఫ్ వాటర్‌టెండర్, అంటే బాయిలర్ల పెద్దమేస్త్రీ అనుకోండి. షిప్పు పేరు యూటా. అప్పటికే ముసలిది, బాంబులెయ్యడం ప్రాక్టీసు చేసుకోడానికి టార్గెట్‌గా వాడేవాళ్లు, అందుకని డెక్కు మీద లావు దుంగలు పరిచి ఉండేవి.

1941 డిసెంబర్ 7, పెర్ల్ హార్బర్, హవాయిలో అమెరికా నేవీ స్థావరం. పొద్దున ఎనిమిది దాటగానే జపాన్ విమానాల టార్పెడోలు తగిలాయి, పది పన్నెండు నిమిషాల్లో షిప్పు బోర్లా పడింది. ఆ కాస్త టైములో ఈయన ఏం చేశాడూ, కుర్రాళ్లందర్నీ పైకి తరిమి తను కిందే ఉండిపోయి బాయిలర్లు ఆపుకుంటూ వచ్చాడు. స్టీమ్ మీదున్న బాయిలర్ దగ్గరికి సముద్రపు నీళ్లొస్తే పేలిపోవచ్చని ఇక్కడ కొంతమందికి తెలుసు. ఒక్కో బర్నర్ కట్టెయ్యాలి, వాల్వు తిప్పాలి, కాళ్ల కింద ఫ్లోరు పక్కకి ఒరిగిపోతుంటే! నేను మామూలు తుఫాన్లోనే రెయిలింగ్ వదల్లేదండి. 48 ఏళ్ల మనిషి, పైకి రాలేదు. ఆ షిప్పులో 58 మంది పోయారు.

మెడల్ ఆఫ్ హానర్ ఇచ్చారు, అమెరికాలో దానికి మించింది లేదు. తీసుకోడానికి మనిషే దొరకలేదు! పుట్టినప్పుడు ఇంటిపేరు హెర్సెగ్, అక్కడికెళ్లాక టోమిచ్. దగ్గరి బంధువని రాసుకున్న కజినేమో ఎప్పుడో సొంతూరు వెళ్లిపోయాడు. ఆయన పేరు ఒక యుద్ధనౌకకి పెట్టారు, 1947లో యూటా రాష్ట్రం మెడల్‌కి సంరక్షకురాలయ్యింది, ఇంట్లోవాళ్లకి మాత్రం అందలేదు. లన్నీ అని ఒక రిటైర్డ్ రియర్ అడ్మిరల్ పట్టు వదలకుండా తిరిగితే 2006లో క్రొయేషియా దగ్గర, స్ప్లిట్ రేవు బయట, ఎంటర్‌ప్రైజ్ షిప్పు మీద కుటుంబానికి ఇచ్చారు. అరవై ఏళ్లు దాటిపోయింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మనలో ఎంతమంది పేర్లు సరిగ్గా ఉన్నాయండి? ఇంటిపేరు సీడీసీలో, అంటే షిప్పు మనుషుల సర్వీసు పుస్తకంలో ముందు, పాస్‌పోర్ట్‌లో చివర, ఆధార్‌లో ఒక్క అక్షరం. నాతో పనిచేసిన ఫిట్టరు ఒకాయన పోతే, ఆ ఒక్క అక్షరం కోసం వాళ్లావిడ కంపెనీ ఆఫీసు మెట్లు ఎక్కి దిగి మోకాళ్లు అరగదీసుకుంది. వాళ్లు ఎప్పుడూ ఒకటే మాట, "మళ్లీ రామ్మా". ఆవిడ చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు చిరిగిపోయిన జెరాక్సులు. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుద్ది...

టైమైపోయిందని చీటీ పంపారు, చూశానండి. వెనక బల్ల మీద నామినీ ఫారాలు పెట్టించాను, పెన్నులు కూడా ఉన్నాయి. భోజనాల క్యూలోకి వెళ్లేముందు నింపండి, ఫోన్ నెంబరు ఇప్పుడు వాడేదే రాయండి. పాతది రాస్తే మళ్లీ నేనే ఇంటికొచ్చి రాయిస్తా.