ముందుకో వెనక్కో గంటన్నర

(నెలవారీ సాహితీ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, ఈ నెల కూడా మనకు హాలు ఇప్పించిన కోశాధికారి గారికి, పొద్దున్నే వచ్చి కుర్చీలు వేసిన కుర్రవాళ్లకు, వెనక గదిలో టీ కాస్తున్న అమ్మలకు కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచిపోతే క్షమించాలి. చివర్లో వందన సమర్పణ ఎలాగూ ఉంది, అక్కడ సరిచేస్తారు.

కార్యదర్శి గారు నాకు అప్పగించిన విషయం "మిత్రులతో ఎల్లోస్టోన్ యాత్ర". ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు, తెర మీద ఫొటోలు చూపించమన్నారు. నేను ఫొటోలు తేలేదు. మా బృందం తీసినవన్నీ మీ ఫోన్లలోకి ఎప్పుడో వచ్చాయి. కొందరు తెరిచి చూడకుండానే "అద్భుతం" అని జవాబు కూడా పెట్టారు. నేను చెప్పదలచుకున్నది ఫొటోల్లో లేనిది. అది లేకపోవడానికి కారకులు ఈ సభలోనే ఉన్నారు. ముందు వరుస, ఎడమ నుంచి మూడో కుర్చీ. మా యాత్రా నాయకుడు గారు. నవ్వుతున్నారు. కాసేపు నవ్వనివ్వండి.

ముందు లెక్కలు చెప్పేస్తాను. ఎల్లోస్టోన్ ప్రపంచంలో తొలి జాతీయ పార్కు. 1872 మార్చి 1న అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ చట్టం మీద సంతకం చేశారు. చాలా భాగం వయోమింగ్‌లో ఉంది, అంచులు మోంటానాలోకి, ఐడహోలోకి వెళ్తాయి. దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు. వేడినీటి బుగ్గలు, కుతకుతలాడే బురద గుంటలు, ఆవిరి రంధ్రాలు అన్నీ కలిపితే 10,000 పైచిలుకు. వాటిలో నీళ్లు పైకి చిమ్మే గీజర్లు 500కు పైగా. భూమి మీదున్న గీజర్లలో సగం అక్కడే ఉన్నాయి. మిగతా సగంలో చాలావరకు రష్యాలోని కమ్చట్కా, చిలీలోని ఎల్ టాటియో, న్యూజిలాండ్, ఐస్‌లాండ్‌లలో ఉన్నాయి.

ఇంత పెద్ద భూమి మీద ఇంత తక్కువ ఎందుకని అడగాలి మీరు. ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. నీళ్లు చాలాచోట్ల ఉన్నాయి, భూగర్భంలో వేడీ చాలాచోట్ల ఉంది. దొరకనిది గట్టి గొట్టం. ఎల్లోస్టోన్ కింద ఉన్నది రయొలైట్ అనే అగ్నిపర్వత శిల. అందులో సిలికా, అంటే ఇసుకలో ఉండే ఖనిజం, ఎక్కువ. మరిగే నీరు ఆ సిలికాను కరిగించుకుని పైకి తెస్తుంది, దారి పొడవునా పగుళ్ల గోడలకు పూత పూస్తుంది. వందల, వేల ఏళ్లు అలా పూసి పూసి, ఎంత ఒత్తిడికైనా ఓర్చుకునే గొట్టం తయారవుతుంది, అదీ మధ్యలో ఎక్కడో ఒక ఇరుకుతో. అడుగున ఉన్న నీరు మరిగే స్థాయిని దాటిపోయినా, పైనున్న నీటి బరువు దాన్ని మరగనివ్వదు. ఎక్కడో నాలుగు బుడగలు పుట్టి కాస్త నీటిని బయటికి నెట్టగానే బరువు తగ్గుతుంది. అంతవరకు అణిగి ఉన్న నీటిలో కొంత ఒక్కసారిగా ఆవిరై, మిగతాదాన్ని పైకి చిమ్ముతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,500 రెట్లు వ్యాకోచిస్తుంది. ఇక ఆగేదేముంది?

మా నాయకుడు గారికి నేను ఇదంతా కారులో చెప్పాను. ఆయన ఒక్క మాటలో తేల్చేశారు: "కుక్కర్ విజిల్ అన్నమాట. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే."

ఆ మాట దగ్గరే నా ప్రసంగం మొదలవుతుంది.

ఆయన దగ్గర ఒక కాగితం ఉంది. అచ్చు వేయించి, మడతపెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఏ చోటు, ఎన్ని నిమిషాలు, పక్కన ఒక చిన్న గడి. పార్కులో కారుకు ఇచ్చే టికెట్టు ఏడు రోజులు చెల్లుతుంది. మా కాగితం మాత్రం అక్కడ ఒక్క పూట కూడా ఖాళీగా ఉండనివ్వలేదు. అడవిదున్నలు రోడ్డుకు అడ్డంగా నిలబడి కార్లన్నీ ఆగిపోయినప్పుడు, ఆ దున్నల వైపు ఆయన చూసిన చూపు నాకు గుర్తుంది. ఆలస్యంగా వచ్చిన గుమాస్తాల వైపు అధికారి చూస్తాడే, ఆ చూపు.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే గీజర్ దగ్గర అంతా సవ్యంగా జరిగింది. 1870లో ఆ ప్రాంతాన్ని అన్వేషించిన వాష్‌బర్న్ బృందం పెట్టిన పేరది. 32 నుంచి 56 మీటర్ల ఎత్తుకు చిమ్ముతుంది, ఒకటిన్నర నిమిషం నుంచి ఐదు నిమిషాల వరకు ఆడుతుంది. సందర్శకుల కేంద్రంలో బోర్డు మీద తర్వాతి సమయం రాసి పెడతారు, ముందుకో వెనక్కో పది నిమిషాలని. చాలామంది అది గడియారం పెట్టినట్టు గంటకోసారి వస్తుందనుకుంటారు. అలా కాదు. కిందటిసారి ఎంతసేపు చిమ్మిందో కొలిచి రేంజర్లు లెక్క వేస్తారు. రెండున్నర నిమిషాలలోపు ఆగిపోయిందా, గంట అటూ ఇటూగా మళ్లీ వస్తుంది. అంతకంటే ఎక్కువసేపు ఆడిందా, గంటన్నర పడుతుంది. 1959 ఆగస్టు 17 రాత్రి దగ్గర్లోని హెబ్‌గెన్ సరస్సు ప్రాంతంలో 7.3 తీవ్రతతో భూకంపం వచ్చింది, 28 మంది చనిపోయారు. ఆ తర్వాత రోజుల్లో పార్కులో వందలాది బుగ్గల తీరు మారిపోయింది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ విరామం కూడా అప్పటి నుంచి సాగుతూ వచ్చింది. అంటే ఆ గొట్టాలు కిందనున్న నేల కదలికను చదువుతూ ఉంటాయన్నమాట. కుక్కర్ అలా చదవదు, నాయకుడు గారూ.

మీలో ఎల్లోస్టోన్ చూసినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. బాగా ఉన్నారు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఆగిపోయాక ఐదు నిమిషాలైనా అక్కడే కూర్చున్నవాళ్లు మాత్రం చేయి అలాగే ఉంచండి... అదీ సంగతి. వేలమంది కూర్చున్న ఆ బల్లలు, నీళ్లు కిందకు దిగుతుండగానే ఖాళీ అయిపోతాయి. ఇంకా ఆవిరి పోతూనే ఉంటుంది, జనం ఐస్‌క్రీం వరుసలో ఉంటారు.

అక్కడి నుంచి చెక్కబాట వెంట మార్నింగ్ గ్లోరీ కొలను దాకా నడిచాం. ఒకప్పుడు అది ఆద్యంతం నీలం. దశాబ్దాల పాటు జనం నాణేలు, చెత్త విసిరి అడుగున నీళ్లొచ్చే దారిని పూడ్చారు. వేడి తగ్గింది, చల్లటి అంచుల్లో బతికే పసుపు, నారింజ రంగు సూక్ష్మజీవులు లోపలికి పాకాయి. 1950లో కొలనులో నీటిమట్టం తగ్గించి, అది పొంగేలా చేసి శుభ్రం చేస్తే చిల్లర నాణేలతో పాటు చేతిరుమాళ్లు కూడా బయటపడ్డాయి. 2018 సెప్టెంబరులో ఇయర్ స్ప్రింగ్ అనే చిన్న బుగ్గ అకస్మాత్తుగా పొంగి, తన కడుపులో ఉన్నదంతా కక్కింది. దాదాపు వంద నాణేలు, ప్లాస్టిక్ చెంచా, సిమెంటు దిమ్మ, 1930ల నాటి పసిపిల్లల నోటి పీక. అదే పార్కులో నోరిస్ అనే చోట మినిట్ గీజర్ అని ఒకటుంది. నిమిషానికోసారి వచ్చేదట. పూర్వం గుర్రబ్బండ్లు ఆగే చోటుకు దగ్గర్లో ఉండటంతో, దిగినవాళ్లు ఊసుపోక దాని పెద్ద రంధ్రాన్ని రాళ్లతో నింపేశారు. ఇక ఆ రంధ్రం నుంచి ఏమీ రాదు. 1882లో జనరల్ షెరిడాన్ సైనికులు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌లో బట్టలుతికారు. నూలు బట్టలు శుభ్రంగా బయటికొచ్చాయట, ఉన్నివి పీలికలయ్యాయట. చదివి నవ్వుకున్నాను, ఆ తర్వాత కోపం వచ్చింది.

మా బృందంలో ఒకావిడ మార్నింగ్ గ్లోరీ దగ్గర పర్సు తెరిచారు, మొక్కుకోవడానికి. ఆ చేయి పట్టుకుని ఆపింది ఎవరో తెలుసా? మా నాయకుడు గారే. ఆయనకు దక్కవలసింది ఆయనకు దక్కాలి. "వద్దమ్మా, ఇది కోనేరు కాదు" అన్నారు. ఆ ఒక్క మాటకు నేను ఆయన్ని సగం క్షమించాను. మిగతా సగం కథ ఇప్పుడు చెబుతాను.

తిరిగి వస్తుంటే గ్రాండ్ గీజర్. అంచనాకు అందే గీజర్లలో ప్రపంచంలోకెల్లా ఎత్తయినది అదే, 60 మీటర్ల దాకా లేస్తుంది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌ది శంకువు, గ్రాండ్‌ది కొలను. శంకువు సన్నటి ధారగా చిమ్ముతుంది. కొలనులోంచి వచ్చేది నీరంతా పగిలినట్టు, ముద్దలు ముద్దలుగా లేస్తుంది. తొమ్మిది నుంచి పన్నెండు నిమిషాలు ఆడుతుంది. ఒక్కోసారి ఆగినట్టే ఆగి, కొలను ఖాళీ అయ్యాక మళ్లీ లేస్తుంది. ఆ రోజు బోర్డు మీద దాని సమయం పక్కన రాసింది ముందుకో వెనక్కో గంటన్నర. మా నాయకుడు గారు దాన్ని అవమానంగా భావించారు. "మూడు గంటల తేడా పెట్టుకుని అంచనా అంటారా?"

బల్లల మీద చాలామంది ఉన్నారు. అందరూ మనలాగా వచ్చిపోయేవాళ్లు కారు. ఒక పెద్దావిడ కింద మెత్త వేసుకుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని, చేతిలో వాకీటాకీతో కూర్చున్నారు. పుస్తకం నిండా గీజర్ల పేర్లు, ఎదురుగా గంటలు, నిమిషాలు. కొన్ని అక్షరాలు తడిసి అలికిపోయి ఉన్నాయి. ఇలాంటి ఔత్సాహికులు చాలామంది ఉన్నారు. ఏటా వచ్చి, తమ డబ్బుతో ఉండి, రోజంతా కాపలా కాసి, ప్రతి ఉద్గారం సమయం రాస్తారు. ఎవరూ వాళ్లకు జీతమివ్వరు. ఆవిడే నాకు నేర్పించారు. ఎడమ పక్క ఉన్నది టర్బన్, సుమారు ఇరవై నిమిషాలకోసారి లేస్తుంది. గ్రాండ్ లేవాలంటే టర్బన్ లేచే వేళకే లేవాలి. కొలను నిండి పొర్లాలి, ఆపైన అంచు దగ్గర సన్నటి అలలు పుట్టాలి. గ్రాండ్ లేవకుండా టర్బన్ ఒక్కటే లేస్తే, మళ్లీ ఇరవై నిమిషాలు కూర్చోవాలి.

నేను కొలను అంచు మీద కళ్లు పెట్టాను. నీరు పలుచగా పొర్లి బూడిదరంగు సిలికా మెట్ల మీదుగా జారుతోంది. అలలు పుట్టాయి. బల్లల మీద మాటలు ఆగిపోయాయి. అలలు పెరిగాయి, ఒకచోట నీరు ఉబ్బింది కూడా. అంతలో అవి అణిగిపోయాయి, పక్కన టర్బన్ ఒక్కటే లేచింది. అందరూ ఒక్కసారిగా "అయ్యో" అన్నారు, ఎవరి భాషలో వాళ్లు. పెద్దావిడ గడియారం చూసి పుస్తకంలో ఒక గీత రాశారు.

మా నాయకుడు గారు లేచారు. "ఇంక పదండి. గ్రాండ్ ప్రిస్మాటిక్ కొలను చూడటానికి వెలుతురు తగ్గిపోతుంది." నేను బతిమాలాను. ఇంకొక్క టర్బన్ చూద్దామన్నాను. కాగితం తీసి చూపించారు. అందరూ లేచారు, ఆయన చేతిలో కారు తాళాలున్నాయి మరి.

కాజిల్ గీజర్ దాకా వచ్చామో లేదో, వెనక జనం కేకలు వినిపించాయి. తిరిగి చూస్తే చెట్ల మీదుగా తెల్లగా, ఎత్తుగా లేస్తూ ఉంది. ముద్ద మీద ముద్ద, ఆవిరి పక్కకు వాలుతూ. నేను వెనక్కి నడిచాను, నడుస్తూ పరుగెత్తాను. చివరికి చేరుకునేసరికి కొలను ఖాళీ, తడిసిన రాళ్లు, చప్పట్లు కొట్టి లేస్తున్న మనుషులు. పెద్దావిడ నన్ను చూసి ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

కారు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఏం చేస్తున్నారో చెప్పమంటారా? కాగితం బానెట్ మీద పరిచి, గ్రాండ్ గీజర్ పక్కనున్న గడిలో టిక్కు పెడుతున్నారు. "చూశాంగా, దూరం నుంచి!"

అధ్యక్షుల వారు గంట వైపు చూస్తున్నారు. రెండు నిమిషాలు ఇవ్వండి.

ఇది నా ఒక్కరి గొడవ అనుకోకండి. గీజర్లు తొందర మనుషుల వల్లే పోయాయి. న్యూజిలాండ్‌లో వైరాకేలో 1958లో భూతాప విద్యుత్ కేంద్రం మొదలయ్యాక, అక్కడి గీజర్ లోయ ఎండిపోయింది. అమెరికాలోనే నెవాడాలో బియోవావీ గీజర్లు అలాగే పోయాయి. మళ్లీ న్యూజిలాండ్‌లోనే, రోటరువాలో ఇళ్లు వేడి చేసుకోవడానికి బోర్లు వేసి వేసి గీజర్లు నీరసిస్తే, 1986లో పొహుటు గీజర్‌కు ఒకటిన్నర కిలోమీటర్ల లోపలి బోర్లు మూయించారు, అక్కడివి కోలుకున్నాయి. ఎల్లోస్టోన్‌లో చెక్కబాట దిగవద్దని అన్నిచోట్లా రాసి ఉంటుంది. పైపెంకు పలుచన, కింద మరిగే నీరు. అక్కడ కాలిపోయి చనిపోయినవాళ్లు ఇరవై మందికి పైగా ఉన్నారు. 2024 జూలై 23న బిస్కట్ బేసిన్‌లో బ్లాక్ డైమండ్ పూల్ అనే వేడినీటి కొలను పేలి రాళ్లు ఎగిరిపడ్డాయి. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

నోరిస్‌లో స్టీమ్‌బోట్ గీజర్ ఉంది. 90 మీటర్లు దాటి లేస్తుంది, ఇప్పుడున్న వాటిలో ప్రపంచంలోనే ఎత్తయినది. 1911 నుంచి 1961 దాకా యాభై ఏళ్లు అది పెద్దగా లేవనే లేదు. 2018 మార్చిలో మేలుకుని, 2019లో 48 సార్లు లేచింది. మా నాయకుడు గారు రేంజరును అడిగారు, తర్వాతిది ఎప్పుడని. మూడు రోజుల నుంచి యాభై ఏళ్ల లోపు అని జవాబు. అదృష్టవశాత్తు దాని పక్కన గడి లేదు.

వచ్చే వేసవిలో మళ్లీ వెళ్తున్నాం. రావాలనుకునేవారు టీ దగ్గర నాకు పేర్లు ఇవ్వండి. మెత్త ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, కారు తాళాలు నా దగ్గర ఉంటాయి. నాయకుడు గారూ, మీరూ రండి, మీరు లేకుండా ఆ మొక్కుల పర్సులను ఆపేవారు లేరు. ఆ కాగితం ఇంకా మీ జేబులోనే ఉందని మీ శ్రీమతి గారు చెప్పారు. ఈ సభ ముందు దాన్ని తీయండి. ఆ టిక్కు కొట్టేయండి. కలం నేనిస్తాను.