తాతగారి మెడల్‌ని చింతపండుతో తోమకండి

హలో అండీ! ఈసారి వ్లాగు శ్రీకాకుళం నుంచి. సెలవులకి వచ్చినప్పుడు అరసవల్లి దర్శనం, బంధువుల ఇళ్ళు ఎలాగూ ఉంటాయి. ఒక పూట యుద్ధానికెళ్ళిన పెద్దల ఆనవాళ్ళ కోసం అటక మీది ట్రంకుపెట్టె కూడా దింపండి.

"మా ముత్తాత మిలట్రీలో ఉండి చనిపోయాడట" అంటారు. ఏ పటాలం అంటే "బర్మా" అని ఊరుకుంటారు. దణ్ణం పెట్టుకోడానికైనా ముందు పేరు, నంబరు దొరకాలి కదా!

మెడల్ దొరికితే సగం పని అయినట్టే. బొమ్మ కాదు, అంచు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం మెడల్ అంచు మీద నంబరు, హోదా, పేరు, పటాలం ఉంటాయి. రెండో యుద్ధంలో మనవాళ్ళకిచ్చిన మెడళ్ళ మీదా పేరు వేశారు. నక్షత్రం ఆకారంలో ఉన్నవాటికి వెనకవైపు చూడాలి. ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా కొట్టి, కొంచెం కొంచెంగా తిప్పుతూ ఫొటోలు తీయండి. మెరవాలని చింతపండు, బూడిద పట్టించారో, ఉన్న నాలుగక్షరాలూ అరిగిపోతాయి.

తర్వాత రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో వెతకండి, ఉచితమే. అందులో ఉండేది చనిపోయినవాళ్ళ పేర్లు మాత్రమే: 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు. యుద్ధం నుంచి తిరిగొచ్చి ముసలితనంలో పోయినవాళ్ళు అందులో కనపడరు.

అసలు చిక్కు పేరు దగ్గరే. ఇంటిపేరుతో వెతికితే చాలాసార్లు ఏమీ రాదు, ఒట్టి పేరే రాసి ఉంటుంది. అప్పన్న, అప్పలస్వామి, సన్యాసి, సింహాచలం... మన వైపు వీధికి నలుగురుంటారు! అందుకే తండ్రి పేరు, ఊరి పేరు కలిసేదాకా మనవాడే అనుకోకండి. ఇంగ్లీషు స్పెల్లింగు కూడా మూడు నాలుగు రకాలుగా కొట్టి చూడాలి.

ఊరు, జిల్లా పేరుతో వెతికేటప్పుడు "శ్రీకాకుళం" అని కొడితే లాభం లేదు. ఈ జిల్లా 1950లో పుట్టింది, విజయనగరం 1979లో. అప్పట్లో శ్రీకాకుళం అంటే చికాకోల్, 1936 దాకా గంజాం జిల్లాలోది. పాలకొండ, బొబ్బిలి వైపు వాళ్ళయితే విజగపటం (విశాఖపట్నానికి అప్పటి ఇంగ్లీషు పేరు) అని వెతకండి.

బర్మాలో చనిపోయి సమాధి తెలియనివాళ్ళ కోసం యాంగాన్‌కి (పాత రంగూన్) ఉత్తరాన తౌక్యాన్‌లో రంగూన్ మెమోరియల్ ఉంది, సుమారు 27,000 పేర్లు. మనవాడిది దొరికితే ఏ స్తంభం, ఏ పలక అన్నది ఆ పేజీలోనే ఉంటుంది, రాసుకోండి. అక్షరం తప్పు పడి ఉంటే పాత డిశ్చార్జి కాగితమో పింఛను కాగితమో స్కాన్ చేసి కమిషన్‌కి పంపండి. ఆధారం సరిపోతే దిద్దుతారు. ఇంట్లో చెప్పుకునే మాట ఒక్కటే పంపితే మాత్రం దిద్దరు.