బాటూర్ అగ్నిపర్వతం మీద సూర్యోదయం: 63 ఏళ్ల నాన్నతో ఎక్కి వచ్చాక నా రివ్యూ

నమస్తే అండి. ముందు ఈ ఫోటో చూడండి. మా నాన్న అరచేతిలో నల్లగా, గుండ్రంగా, ఒళ్లంతా చిల్లులతో ఉన్నది బొరుగుల ఉండ కాదు, రాయి. ఇండోనేషియాలోని బాలి దీవిలో బాటూర్ అగ్నిపర్వతం మీద తీసిన ఫోటో ఇది. దాన్ని చేతిలోకి తీసుకోగానే ఆయన అన్న మొదటి మాట, "ఏందిమా ఇది, బరువే లేదు. రాయేనా?"

ఆ మాట ఎందుకు చెబుతున్నానంటే, నాన్న 30 ఏళ్లు మదనపల్లె చుట్టుపక్కల బోరు బండి మీద పనిచేశారు. బోరులోంచి ఎగిరే పొడి రంగు చూసి, కింద ఏ రాయి తగిలిందో చెప్పేస్తారు. అలాంటి మనిషి ఒక రాయిని పట్టుకుని ఇది రాయేనా అని అడగడం నేను ఎప్పుడూ చూడలేదు.

మేం ఉండేది బెంగళూరులో, మారతహళ్లి దగ్గర. బాలి వెళ్లొచ్చాం అనగానే మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లందరూ అడిగింది ఒకటే. బాటూర్ ట్రెక్‌కి పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా, గైడ్‌కి అంత డబ్బు పెట్టడం దండగ కాదా? పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చు, కానీ ఒక నెల తయారీ కావాలి. గైడ్ డబ్బు దండగ కాదు. నన్నడిగితే ఆ రోజు మొత్తం ఖర్చులో గైడ్‌కి ఇచ్చినదే సరైన ఖర్చు. ఎందుకో చెబుతాను.

మొదట తయారీ సంగతి. బాటూర్ ఎత్తు 1,717 మీటర్లు. ఆ అంకె చూసి టెన్షన్ పడకండి. కింద సరస్సు ఒడ్డే 1,000 మీటర్ల పైన ఉంటుంది. మీరు నిజంగా ఎక్కేది దాదాపు 700 మీటర్లు. అలాగని తేలిక అని కూడా అనుకోవద్దు. మాది 14 అంతస్తుల బిల్డింగ్. అలాంటివి 16, 17 ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో, అంత ఎక్కాలి. అదీ చీకట్లో, కాలు జారే గులకరాళ్ల మీద.

అందుకని నెల ముందు నుంచి నాన్న, నేను, తమ్ముడు రోజూ సాయంత్రం లిఫ్ట్ మానేసి మెట్లు ఎక్కాం. రెండు ఆదివారాలు చిక్కబళ్లాపుర దగ్గరి స్కందగిరి ఎక్కాం. స్కందగిరికి ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, మర్చిపోకండి. అక్కడ కింద టీ అమ్మే పెద్దావిడ మాతో తెలుగులోనే మాట్లాడింది. ఆ వైపు పల్లెల్లో తెలుగు బాగా వినిపిస్తుంది. నాన్నకు ఆ కొండ ఎక్కడం కంటే ఆవిడతో బోరు లోతుల గురించి మాట్లాడటమే ఎక్కువ నచ్చింది. నంది హిల్స్ మాత్రం ఈ ప్రాక్టీస్‌కి పనికిరాదు, కారు పైదాకా వెళ్లిపోతుంది.

ఇక బాలి. బెంగళూరు నుంచి బాలి రాజధాని డెన్‌పసార్‌కి నేరుగా విమానం ఉంది. దిగాక వీసా తీసుకోవచ్చు, మనిషికి 5 లక్షల రుపియా. అక్కడి డబ్బు పేరు రుపియా, కాబట్టి లక్షలు వినగానే గుండె ఆగనక్కర్లేదు, మన డబ్బులో సుమారు 2,600 రూపాయలు. 2024 ఫిబ్రవరి నుంచి బాలి ప్రభుత్వం టూరిస్టుల దగ్గర మరో లక్షన్నర రుపియా తీసుకుంటోంది. ట్రెక్ ధర ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. మాకు మనిషికి దాదాపు వీసా అంత అయింది.

ఉబుద్‌లో మా హోటల్ దగ్గరికి బండి రాత్రి 2 గంటలకు వచ్చింది. బాలి టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అంటే మన శరీరం లెక్కలో అది రాత్రి పదకొండున్నర. నిద్ర మధ్యలో లేవడం కాదు, అసలు నిద్రే ఉండదు. వీలైతే బాలి చేరిన మూడో రోజో నాలుగో రోజో ఈ ట్రెక్ పెట్టుకోండి. మొదటి రోజే పెట్టుకుంటే పెద్దవాళ్లు తట్టుకోలేరు.

కొండ కింద బండి దిగగానే మాకు చిక్కు మొదలైంది. బుక్ చేసినప్పుడు నలుగురికి ఒక గైడ్ అని చెప్పారు. తీరా అక్కడ చూస్తే 11 మందికి ఒకే గైడ్. మిగతావాళ్లంతా పాతికేళ్ల పిల్లలు. సూర్యోదయానికి పైన ఉండాలంటే వాళ్ల వేగం వాళ్లది, తప్పు వాళ్లది కాదు. కానీ 63 ఏళ్ల మనిషి ఆ గుంపులో నడిస్తే ఒకటే జరుగుతుంది. ఆయన వెనకబడతారు, అందరూ ఆగి చూస్తుంటారు, ఆయన సిగ్గుపడి శక్తికి మించి నడుస్తారు. మోకాళ్లు పోయేది అక్కడే. ఇచ్చిన హెడ్ టార్చ్‌లలో ఒకటైతే రెండు నిమిషాలకే మసకబారింది. ఆ ఏజెంట్ పేరు చెప్పను, కానీ మీరు బుక్ చేసేటప్పుడు ఒక గైడ్‌కి ఎంతమంది అన్నది మెసేజ్‌లో రాయించుకోండి. నోటి మాట నమ్మకండి.

ఇక్కడ ఒక మంచి విషయం ఉంది. బాటూర్‌లో స్థానిక గైడ్ల సంఘం ఉంది. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే గైడ్లు, వాళ్లలో ఒకరిని వెంటబెట్టుకునే ఎక్కాలి. మేం అక్కడికక్కడే ఇంకొంత డబ్బు కట్టి మా ముగ్గురికీ విడిగా ఒక గైడ్‌ని తీసుకున్నాం.

ఆయనకు 50 ఏళ్లుంటాయి. మొదట ఏం చేశారో తెలుసా? నాన్న కాళ్ల వైపు చూశారు. బూట్ల అడుగు తిప్పి చూశారు. ఒక మోకాలికి కట్టు ఉందని గమనించి, తన చేతికర్ర ఇచ్చారు. దారి మొదట్లో చిన్న గుడి దగ్గర ఆగి, కొబ్బరాకుతో అల్లిన బుల్లి పళ్లెంలో పూలు, అగరుబత్తి పెట్టి దండం పెట్టుకున్నారు. నాన్న చెప్పులు విప్పినట్టే బూట్లు విప్పబోయారు. గైడ్ నవ్వి వద్దని, అలాగే నిలబడి దండం పెట్టమన్నారు.

బాలిలో చాలామందికి పుట్టిన వరసను బట్టి పేరు ఉంటుంది. మొదటివాడు వాయన్, రెండోవాడు మాదే, మూడోవాడు న్యోమన్, నాలుగోవాడు కెతుత్. మా గైడ్ ఇంటికి రెండోవాడు. ఇది నేను నాన్నకు చెప్పగానే, "ఓహో, అయితే మన నడిపోడు" అన్నారు. మన ఊళ్లో పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అన్నట్టే కదా. ఇక పైదాకా ఆయన్ని నడిపోడనే పిలిచారు, ఆయనా పలికారు.

మొదటి ముప్పావు గంట తోటల మధ్య మట్టి దారి, హాయిగా ఉంటుంది. ఆ తర్వాతే అసలు సంగతి. ఒక అడుగు వేస్తే అరడుగు వెనక్కి జారుతుంది. ఈ క్లిప్‌లో శబ్దం వినండి. కరకర, కరకర. బొగ్గుల కుప్ప మీద నడిచినట్టు ఉంటుంది. గైడ్ నాన్నకు ఒక పద్ధతి నేర్పారు. పెద్ద అడుగు వద్దు, సగం అడుగు వెయ్యి, పాదం మొత్తం ఆనించు, 40 అడుగులకు ఒకసారి ఆగు. ఆగినప్పుడు కూర్చోనివ్వలేదు. కూర్చుంటే ఒళ్లు చల్లబడి లేవడం కష్టమట. మామూలుగా రెండు గంటలు పట్టే దారికి మాకు రెండున్నర పట్టింది. మా 11 మంది గుంపు ఎప్పుడో దాటిపోయింది. నాన్న ముఖంలో కంగారు లేదు. నాకు కావలసింది అదే.

పైకి చేరేసరికి తూర్పున సన్నగా ఎర్రటి గీత. చలి విపరీతం. బెంగళూరులో డిసెంబర్ తెల్లవారుజామున వేసుకునే జాకెట్ సరిపోతుంది. కానీ లోపలి చొక్కా చెమటకు తడిసి ఉంటుంది, గాలి తగలగానే వణుకు పుడుతుంది. ఒక పొడి టీ షర్ట్ సంచిలో పెట్టుకుని, చేరగానే మార్చేయండి.

ఇప్పుడు సూర్యోదయం. కింద సరస్సు నెలవంకలా, దాని మీద పలచటి మంచు. ఎదురుగా అబాంగ్ కొండ, దాని వెనక 3,000 మీటర్లు దాటిన ఆగుంగ్. ఇంకా దూరంగా, సముద్రం అవతల, లోంబోక్ దీవిలో రింజానీ శిఖరం. ఆ రోజు ఆకాశం శుభ్రంగా ఉంది కాబట్టి కనిపించింది. మబ్బు పడితే ఇవేవీ ఉండవు, ముందే ఒప్పుకుని వెళ్లండి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ మధ్య వెళ్తే అవకాశం ఎక్కువ. మేం వెళ్లింది జూలైలో.

ఫోటోల సందడి అయ్యాక సగం మంది దిగిపోతారు. దయచేసి మీరు దిగకండి. వెలుగు వచ్చాకే మీరు ఎక్కడ నిలబడ్డారో తెలుస్తుంది. బాటూర్ అంటే పెద్ద బాణలి మధ్యలో చిన్న గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. ఆ బాణలి అంచు, ఒకప్పటి మహా పర్వతం వేల ఏళ్ల కిందట పేలి కూలిపోగా మిగిలినది. మనం నిలబడ్డ గిన్నె ఆ తర్వాత పుట్టిన కొత్త కొండ. ఒక పక్క దిగువన నల్లటి మైదానం కనిపించింది, తారు పోసి ఆరబెట్టినట్టు. అది 1963లో పారిన లావా అని గైడ్ చెప్పారు.

నాన్న పుట్టింది 1962లో.

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "నాకంటే ఏడాది చిన్నదా ఆ రాయి?" అన్నారు. 30 ఏళ్లు ఆయన తొలిచిన మన రాయలసీమ గ్రానైట్ వయసు వందల కోట్ల ఏళ్లు. అది కూడా ఒకప్పుడు కరిగిన రాయే, కాకపోతే భూమి లోపల లోతున, నిదానంగా చల్లారి గట్టిపడింది. అందుకే అంత బరువు, అంత మొండితనం. ఇక్కడి రాయి బయటికి వచ్చి గబగబా చల్లారింది. లోపలి వాయువులు నురగ కట్టి బయటపడుతుండగానే గడ్డకట్టింది. గైడ్ సోడా బాటిల్ మూత తీసినట్టు చేతులతో చూపించారు. ఆ బుడగల చోటే ఈ చిల్లులు. ఫోటోలో ఉన్న రాయిని నాన్న చెవి దగ్గర పెట్టుకుని గోటితో తట్టి విన్నారు. తర్వాత తీసిన చోటే పెట్టేశారు. మీరూ తెచ్చుకోకండి. ఆ ప్రాంతం యునెస్కో గ్లోబల్ జియోపార్క్, అంటే అక్కడి రాళ్లనూ కొండలనూ కాపాడుకోవాల్సిన చోటు.

బిలం, అంటే అగ్నిపర్వతం నోరు, దాని పక్కన పగుళ్లలోంచి ఆవిరి వస్తుంటుంది. గైడ్లు అందులో గుడ్లు, అరటిపండ్లు పెట్టి ఉడికిస్తారు. ఆ రోజు శనివారం, నాన్న గుడ్డు తినరు. అరటిపండు ఆకులో చుట్టి ఇచ్చారు, చేత్తో పట్టుకోలేనంత వేడి. కోతులు వస్తాయి, తిండి సంచిలోనే ఉంచండి.

అక్కడే కూర్చుని గైడ్ తమ ఊరి సంగతి చెప్పారు. 1917లో పేలినప్పుడు లావా గుడి ముంగిట దాకా వచ్చి ఆగిందట. దేవత కాపాడిందని జనం ఊరు వదల్లేదు. 1926లో మళ్లీ పేలి ఊరినీ గుడినీ ముంచేసింది. అప్పుడు బాణలి అంచు మీదికి ఊరు మార్చి గుడి మళ్లీ కట్టుకున్నారు. అదే పుర ఉలున్ దను బాటూర్, సరస్సు దేవత దేవి దను గుడి. ఆ సరస్సుకు బయటికి పారే వాగు లేదు. నీళ్లు నేలలోకి ఇంకి, కింద ఊళ్లలో ఊటలై వరి పొలాలకు అందుతాయని అక్కడి రైతుల నమ్మకం. నీళ్ల మాట వచ్చేసరికి నాన్న లేచి కూర్చున్నారు. ఏ లోతులో తగులుతాయి, ఎండాకాలం ఊట తగ్గుతుందా అని ప్రశ్న మీద ప్రశ్న. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పలేక అలిసిపోయాను. 11 మంది గుంపులో ఉంటే ఈ అరగంట మాకు దక్కేది కాదు.

భయం గురించి కూడా చెప్పాలి. బాటూర్ చివరిసారి పేలింది 2000లో. అంటే బతికున్న కొండ. 2023 డిసెంబర్‌లో సుమత్రా దీవిలో మరాపి అగ్నిపర్వతం పేలి 20 మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. ఇండోనేషియా అగ్నిపర్వత శాఖ ప్రతి కొండకూ 1 నుంచి 4 దాకా హెచ్చరిక స్థాయి ప్రకటిస్తుంది. 1 అంటే మామూలు. బుక్ చేసే ముందు, వెళ్లే ముందు రోజు, రెండుసార్లూ చూడండి. స్థాయి పెరిగితే డబ్బు పోయినా సరే, మానేయండి.

దిగడం ఎక్కడం కంటే కష్టం. నాన్న రెండుసార్లు జారారు, రెండుసార్లూ గైడ్ ముందు నిలబడి భుజం ఇచ్చారు. గోళ్లు బూటు ముందు భాగానికి కొట్టుకుంటాయి, ముందే కత్తిరించుకోండి. కిందికి వచ్చాక తోయ బుంకా దగ్గర వేడినీటి కొలనుల్లో గంట కూర్చున్నాం. పెద్దవాళ్లతో వెళ్తే ఇది తప్పకుండా పెట్టుకోండి. మర్నాడు నాన్న మామూలుగా నడిచారు.

గుండె జబ్బు ఉన్నవాళ్లను, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లను మాత్రం డాక్టర్‌ని అడగకుండా తీసుకెళ్లకండి. వాళ్లకు జీపులో సూర్యోదయం చూపించే ట్రిప్పులు ఉన్నాయి, ఆ నల్లటి లావా మైదానం మీదుగా కూడా తిప్పుతారు.

వచ్చిన వారానికి నాన్న లాల్‌బాగ్ తీసుకెళ్లమన్నారు. అక్కడి బండ 300 కోట్ల ఏళ్లదని బోర్డు ఉంటుంది కదా, ఎన్నోసార్లు దాని మీద వేరుశనక్కాయలు తిన్నాం, ఎప్పుడూ ఆగి చదవలేదు. ఈసారి ఆయన బోర్డు మొత్తం నాతో చదివించుకుని, వంగి బండ మీద అరచెయ్యి ఆనించారు. పొద్దున 7 గంటలు, ఎండ ఇంకా తగల్లేదు. "చల్లగా ఉంది" అన్నారు.

గైడ్ సగం అడుగుల పద్ధతి నేర్పిన వీడియో పూర్తిగా ఆదివారం పెడతాను. మీ అమ్మానాన్నలకు చూపించండి, సందేహాలుంటే కింద అడగండి. రాళ్ల గురించి అడిగితే నాన్నే జవాబిస్తానన్నారు.