నడుముకి కట్టుకున్న కాన్పు బొమ్మ

తోటి ట్యూటర్లకూ, విద్యార్థినులకూ నమస్కారం.

కాన్పు పని బొమ్మతో నేర్పడం నిన్నమొన్నటిది కాదు. 1759లో ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ ఆంజెలిక్ దు కూద్రే అనే మంత్రసానికి దేశమంతా తిరిగి నేర్పమని అనుమతిపత్రం ఇచ్చాడు. ఆమె గుడ్డతో, తోలుతో తల్లి కటి భాగాన్నీ బిడ్డనీ కుట్టించి పల్లెటూరి ఆడవాళ్ల చేతికిచ్చింది. ఆ బొమ్మ ఒకటి రూఆన్ పట్టణంలోని మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

మన స్కిల్ ల్యాబ్‌లోని కాన్పు బొమ్మ మామా నటాలీని ట్యూటర్ నడుముకి కట్టుకుంటుంది. బిడ్డని లోపలినుంచి తన చేతులతోనే తోస్తుంది. రక్తం బదులు ఎర్రనీళ్లు ఎంత పోవాలో, గర్భసంచి గట్టిపడాలో మెత్తగా ఉండిపోవాలో ఆమే చూసుకుంటుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది, ఈ బొమ్మకి నోరుంది. కట్టుకున్న మనిషి మూలుగుతుంది, భయపడుతుంది, చెయ్యి పట్టుకుంటుంది.

ఒకరోజు నేను కట్టుకున్నాను. కాన్పు చేసింది మూడో సంవత్సరం అమ్మాయి. బిడ్డ వచ్చింది, మాయ పడింది. పిల్ల ఊపిరి పీల్చుకుని కేస్ షీట్ రాయడానికి అటు తిరిగింది. నేను ఎర్రనీళ్లు వదులుతూనే ఉన్నాను. "సిస్టర్, దాహమేస్తోంది, కళ్లు తిరుగుతున్నాయి" అన్నాను. "అలసట అమ్మా, ఏం కాదు" అంది. అర లీటరు దాటాక గానీ పొట్టమీద చెయ్యి వెయ్యలేదు. బిడ్డ పుట్టిన నిమిషంలోపు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ కండకివ్వాలనీ, గర్భసంచి మెత్తబడితే రుద్దాలనీ పరీక్షలో చక్కగా రాసిన పిల్లే. తీరా చెయ్యి వేశాక ఎవర్నీ కేకెయ్యడానికి గొంతు పెగల్లేదు.

తర్వాత అందరం చుట్టూ కూర్చున్నాం. నేను తిట్టలేదు. "దాహమన్నప్పుడు నీకేమనిపించింది?" అని మాత్రం అడిగాను. "మాట్లాడుతోంది కదా మేడమ్, బాగానే ఉందనుకున్నాను" అంది. అలా కూర్చోకపోతే ఆ మాట బయటికి వచ్చేదే కాదు. అదే అపోహతో ఆ పిల్ల లేబర్ రూమ్‌కి వెళ్లేది. అందుకే బొమ్మతో గడిపిన సమయం ఎంతో, ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకునే సమయమూ అంత ఉండాలంటాను. రెండోసారి కాన్పు చేసినప్పుడు ఆ పిల్ల, మాయ పడగానే పొట్టమీద చెయ్యి వేసి తియ్యలేదు. "బ్లీడింగ్ ఎక్కువగా ఉంది, ఎవరైనా రండి!" అన్న కేక వరండాలోకి వినబడింది.

పసిబిడ్డ బొమ్మ నియో నటాలీలో గోరువెచ్చని నీళ్లు నింపితే నిజం బిడ్డలా బరువుగా ఉండి మెడ వాలిపోతుంది. ఒళ్లు తుడిచి, వీపు రుద్దినా ఊపిరి అందకపోతే నిమిషంలోపే ఊపిరి అందించే బ్యాగ్, మాస్క్ పెట్టాలి. తల సరిగ్గా పెట్టకపోయినా, మాస్క్ పక్కనుంచి గాలి పోయినా బొమ్మ ఛాతీ లేవదు. లేచేదాకా చేయించండి.

కొన్ని కాలేజీల్లో ఈ బొమ్మలు ఇన్‌స్పెక్షన్ రోజున తప్ప బీరువా దాటి బయటికి రావు. నాకు చాలా బాధగా ఉంటుంది. దయచేసి తాళంచెవి పిల్లలకి అందుబాటులో పెట్టండి. చిరిగితే కుట్టించుకుందాం.

మధ్యాహ్నం రెండింటికి ఇక్కడే బొమ్మ కట్టుకుంటాను. మొదటి కాన్పు చెయ్యడానికి ఎవరొస్తారో ఇప్పుడే చెయ్యెత్తండి.