ఆచార్యుని తొలి ఉపన్యాసం

సభాధ్యక్షులకు, సహోపాధ్యాయులకు, విద్యార్థులకు, ఊళ్లో నుంచి వచ్చిన పెద్దలకు నమస్కారం.

మన విశ్వవిద్యాలయంలో కొత్తగా ఆచార్యులైనవారు ఇకమీదట తలా ఒక బహిరంగ ఉపన్యాసం ఇవ్వాలని నిర్ణయించి, ఆ ఆనవాయితీ గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను అడిగారు. నేను ఆచార్యుణ్ణయినప్పుడు అలాంటిదేమీ జరగలేదు. మూసిన తలుపుల వెనుక ఇంటర్వ్యూ, కొన్నాళ్లకు ఉత్తర్వు, ఒక శాలువా, ఒక మిఠాయి పెట్టె, అంతే. మరునాడు పెయింటరు వచ్చి నా గది బోర్డు మీది ‘అసోసియేట్’ అన్న మాటను బ్లేడుతో గీకుతుంటే, స్టూలు పట్టుకొని నిలబడ్డ అటెండరు, ‘ఇంతకీ తమరు దేనిమీద పరిశోధన చేస్తారు సార్?’ అని అడిగాడు. నేను నా సిద్ధాంత వ్యాసం పేరును ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు అప్పజెప్పాను. ఆయన మర్యాదగా తలూపి ఊరుకున్నాడు. ఏళ్ల తరబడి నాకు టీ తెచ్చి ఇచ్చిన మనిషికి నా పని ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పలేకపోయాను.

ఐరోపా విశ్వవిద్యాలయాల్లో ఈ ఉపన్యాసం పాత సంప్రదాయం. 1789 మే 26న జర్మనీలోని యేనాలో కవి, నాటకకర్త షిల్లర్ ఆచార్యుడిగా తొలిసారి చరిత్ర గురించి మాట్లాడినప్పుడు, అనుకున్న గది చాలక, జనమంతా మరో పెద్ద హాలులో చోటు కోసం వీధి వెంట పరుగులు తీశారు. జీతం లేని ఆ కొలువులో నిలబడి ఆయన, పొట్టకూటి కోసం చదివే పండితుణ్ణీ జ్ఞానం కోసం చదివేవాణ్ణీ వేరుచేసి చూపారు. జీతం లేనివాడు ఆ మాట అనడంలోని చమత్కారం విన్నవారికి తట్టే ఉంటుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తుండేది 1906 నవంబరు 5 మధ్యాహ్నం. ఆ ఏప్రిల్‌లో భౌతికశాస్త్రవేత్త పియరీ క్యూరీ పారిస్ వీధిలో గుర్రపు బండి కింద పడి మరణించగా, ఆయన పాఠాలు చెప్పే బాధ్యతను పారిస్ విశ్వవిద్యాలయమైన సోర్బాన్ ఆయన భార్య మేరీకి అప్పగించింది. అక్కడ బోధించిన తొలి మహిళ ఆమే. విద్యార్థులతో పాటు పత్రికలవారూ, నగర ప్రముఖులూ కిక్కిరిసి కూర్చున్నారు. ముందున్న ఆచార్యుణ్ణి స్తుతించి, పదవి ఇచ్చినవారికి కృతజ్ఞతలు చెప్పి ఆరంభించడం అక్కడి మర్యాద. ఆ స్తుతి ఆమె నోట ఎలా వస్తుందో చూడాలని వచ్చినవారే చాలామంది. ఆమె లోపలికి వచ్చి, చప్పట్లు ఆగేదాకా నిలబడి, గత పదేళ్లలో భౌతికశాస్త్రం సాధించిన ప్రగతితో నేరుగా పాఠం మొదలుపెట్టారు. పియరీ ఆపిన చోటి నుంచే అందుకున్నారని చెబుతారు. (మన సభల్లో వేదిక మీదివారిని పేరుపేరునా సంబోధించేసరికే పావుగంట గడిచిపోతుంది, నేనూ అందుకు మినహాయింపు కాదు.)

మనకు దగ్గరి ఉదాహరణ సర్వేపల్లి రాధాకృష్ణన్. 1931 నుంచి వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ ఛాన్సలరుగా పనిచేసి, 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రాలకు కొత్తగా ఏర్పడిన స్పాల్డింగ్ ఆచార్య పీఠాన్ని అధిష్ఠించి, అక్టోబరు 20న తొలి ఉపన్యాసం ఇచ్చారు. ప్రాచ్య మతాల ఆచార్యుడు కాబట్టి ఉపనిషత్తులతో మొదలుపెట్టి ఉపనిషత్తులతో ముగించి ఉండవచ్చు. ఆయన మాత్రం గ్రీకుల హేతుదృష్టి, క్రైస్తవం, పునరుజ్జీవనం అంటూ వినేవారి చరిత్రనే వారి ముందు పరిచి, దానిలోని వెలితి దగ్గరకు భారతీయ చింతనను తెచ్చారు. శ్రోత ఎక్కడ నిలబడి ఉన్నాడో తెలుసుకొని అక్కడికి నడిచి వెళ్లడం ఇదే. అటెండరు ముందు నేను చేయలేకపోయినదీ ఇదే.

ఒక్క విషయంలో మాత్రం పాత పద్ధతిని అనుసరించవద్దని నా మనవి. బ్రిటన్‌లో చాలాచోట్ల ఈ ఉపన్యాసం తరువాత ప్రశ్నలు ఉండవు. ఒకరు లేచి ధన్యవాదాలు చెబితే సభ ముగుస్తుంది. మన ధర్మనిధి ఉపన్యాసాలు కూడా చాలావరకు అలాగే ముగిసి, వెంటనే అందరూ ఫొటోకు నిలబడతారు. ఇక్కడ ముప్పావుగంట ఉపన్యాసం, అరగంట ప్రశ్నలు అని పెట్టుకున్నాం. మొదటి ఉపన్యాసం వచ్చే నెలలో భూగర్భశాస్త్ర ఆచార్యులది. మన చుట్టుపక్కల బోర్లు ఎందుకు ఎండిపోతున్నాయన్నది విషయం. తెలుగులోనే మాట్లాడతానని ఆయన ఒప్పుకున్నారు. బోరు వేయించి నష్టపోయిన రైతులు ముందు వరుసలో కూర్చుంటారు.