కాలేజీ గేటు బయట మన బండ్లు ఎందుకుండాలి?

నమస్తే అండి. మొన్న డిగ్రీ రెండో ఏడాది చదివే ఒక తమ్ముడు వాట్సాప్‌లో ఫొటో పంపాడు. వాళ్ల కాలేజీ నోటీసు అది. సోమవారం నుంచి విద్యార్థుల వాహనాలు లోపలికి రానివ్వరట, బయట పెట్టిన వాటికి కాలేజీ బాధ్యత వహించదట. "అన్నా, దీని మీద ఒక వీడియో చెయ్యి" అన్నాడు. చేస్తున్నాను. ఎందుకంటే ఇది నాకూ జరిగింది.

నేను చదివింది మండల కేంద్రంలో ఒక చిన్న డిగ్రీ కాలేజీ. లోపల వేప చెట్ల కింద లెక్చరర్ల కార్లు, బండ్లు ఉండేవి. మా బండ్లన్నీ గోడ బయట, రోడ్డు వారన. ఎండాకాలం మధ్యాహ్నం బయటికొస్తే సీటు మీద చెయ్యి పెట్టలేం. వానాకాలం సైడ్ స్టాండ్ బురదలో దిగిపోయి, ఒక బండి పడితే వరసంతా పడేది. అందుకని ఎవరి బండికి వాళ్లం స్టాండ్ కింద ఒక బిళ్ల రాయి పెట్టుకునేవాళ్లం. నా రాయి కడప బండ ముక్క, అరచేతి అంత.

ఒకరోజు చివరి క్లాసు అయ్యాక వచ్చి చూస్తే ఆ రాయి ఉంది, బండి లేదు.

అది నాన్న బండి. ఆర్‌సీ నాన్న పేరు మీదే. ఫైనాన్స్ ఇంకా ఏడు కిస్తీలు ఉంది. ఎఫ్‌ఐఆర్ అయితే రాశారు కానీ బండి దొరకలేదు. ఆ ఏడు కిస్తీలూ నాన్న కట్టారు, పనికి సైకిల్ మీద వెళ్లి వస్తూ. నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ఆ రోడ్డున వెళ్తుంటే ఆ గోడ దగ్గర నా కళ్లు ఆ రాయి కోసమే వెతుకుతాయి.

ఇన్సూరెన్స్ లేదా అని చాలామంది అడుగుతారు. ఉంది, కానీ థర్డ్ పార్టీ. మన బండి వల్ల ఎదుటివాళ్లకు నష్టం జరిగితే వాళ్లకిచ్చేది అది. మన బండి పోతే రూపాయి రాదు. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త టూవీలర్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి చేశారు కాబట్టి కాగితం చేతిలో ఉంటుంది, ఇన్సూరెన్స్ ఉందిలే అన్న ధైర్యమూ ఉంటుంది. దొంగతనానికి కూడా వర్తించే పాలసీ వేరు. పాత బండ్లకు అది కట్టేవాళ్లు తక్కువ. కాలేజీకి పిల్లలు తెచ్చేది ఎక్కువగా ఇంట్లో ఉన్న పాత బండే కదా.

ఇంకో విషయం, హెల్మెట్. ట్రాఫిక్ పోలీసులు వచ్చి అవగాహన సదస్సు పెడతారు, హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని చెబుతారు. మంచిదే. మరి రోడ్డు మీద ఆపిన బండికి హెల్మెట్ తగిలించి వెళ్తే సాయంత్రానికి ఉంటుందా? క్లాసులోకి తెచ్చుకుంటే బెంచీ మీద చోటుండదు. అందుకే పిల్లలు ఇంట్లో వదిలేసి వస్తారు. గేటు లోపల బండికి చోటు, హెల్మెట్‌కు ఒక ఇనుప ర్యాక్ ఉంటే ఎంతమంది పెట్టుకుని వస్తారో చూడండి. పిల్లల ప్రాణాలకు సంబంధించిన విషయం ఇది.

కాలేజీ వాళ్ల మాటా వినాలి. లోపలికి వదిలితే స్పీడుగా నడుపుతారు, హారన్లు కొడతారు అంటారు. నిజమే, అలాంటివాళ్లు ఉంటారు. గేటు దగ్గరే ఇంజన్ ఆపి తోసుకుంటూ వెళ్లాలని రూలు పెట్టండి. జూనియర్ కాలేజీ కూడా అదే ఆవరణలో ఉంటే 18 ఏళ్లు నిండనివాళ్లకు గేరు బండి ఇవ్వకూడదు. మైనర్ బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకో, ఓనరుకో 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు అని మోటారు వాహనాల చట్టం 2019 సవరణలోనే ఉంది. కాబట్టి లైసెన్సు చూసి స్టిక్కర్ ఇవ్వండి. అది సరైన పని. అందరినీ రోడ్డు మీదికి తోసేయడం సరైన పని కాదు.

స్థలం లేదంటారా? లెక్క వేద్దాం. స్ప్లెండర్ పొడవు 2 మీటర్లు, వెడల్పు 720 మిల్లీమీటర్లు. మనిషి దిగడానికి చోటు వదిలి మీటరు వెడల్పు అనుకుంటే ఒక బండికి 2 చదరపు మీటర్లు. వంద బండ్లకు 200. మధ్యలో దారికి ఇంకో 200 వేసుకోండి. మొత్తం పది సెంట్లు. తెలంగాణ లెక్కలో నాలుగు గుంటలు. డిగ్రీ కాలేజీకి పది సెంట్లు దొరకవా? రేకుల షెడ్డు తర్వాత వేసుకోవచ్చు, ముందు నాలుగు కానుగ మొక్కలు నాటండి.

కాపలా ఎలా అంటే, మన బస్టాండ్ల దగ్గర సైకిల్ స్టాండు చూడండి. అక్కడ ఇప్పుడు సైకిళ్లు లేవు, అన్నీ మోటార్‌సైకిళ్లే, పేరు మాత్రం అదే. ఒక పెద్దాయన టోకెన్ చించి సగం మనకిచ్చి, సగం బ్రేక్ వైరులో దోపుతాడు. సాయంత్రం రెండు సగాలూ కలిస్తేనే బండి బయటికి వస్తుంది. అంతే కావాలి మనకు. ఆ టోకెన్ పని వాచ్‌మన్ చేయలేడా?

ఇక "బాధ్యత వహించం" అనే మాట. 2019లో సుప్రీంకోర్టు ఢిల్లీలో ఒక హోటల్ పార్కింగ్‌లో కారు పోయిన కేసులో ఏం చెప్పిందంటే, హోటల్ వాళ్లు తాళాలు తీసుకుని కారు తమ అధీనంలో పెట్టుకున్నాక, "ఓనర్ రిస్క్" అని రాసినంత మాత్రాన తమ నిర్లక్ష్యానికి బాధ్యత తప్పదు. మన కేసు వేరు, మన తాళం మన జేబులోనే ఉంటుంది, అది ఒప్పుకోవాలి. కానీ పిల్లల సొత్తు సంగతి బోర్డుతో తీరిపోదని ప్రిన్సిపాల్ గార్లు ఆలోచించాలి.

బస్సులో రావచ్చు కదా అంటారు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీలో ఉచితం. చాలా మంచి పని. అయితే ఊరికి రోజుకు రెండు ట్రిప్పులే ఉంటే, ల్యాబ్ అయ్యేసరికి బస్సు వెళ్లిపోతే, అమ్మాయైనా అబ్బాయైనా ఏం చేస్తారు?

తమ్ముడూ, సోమవారం లోపు ఒక పని చెయ్యి. ధర్నా వద్దు. నలుగురు కలిసి టేపు తీసుకుని మీ కాలేజీలో ఖాళీ స్థలం కొలవండి. రోజూ వచ్చే బండ్లు ఎన్నో గేటు దగ్గర నిలబడి రెండు రోజులు లెక్క పెట్టండి. ఎంతమందికి లైసెన్సు ఉందో రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లండి. ఏమన్నారో నాకు చెప్పు, తర్వాతి వీడియోలో అక్కడి నుంచే మొదలుపెడతాను.